శ్వాసయంత్రపు కూత: ఒక సంవాదము

[ఉభయులును బంధువులు. బావ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడు. యౌవనమున నలవడిన చుట్ట ఊపిరితిత్తులను గట్టిగనే చెఱచుటచేత, ఆసుపత్రినుండి యింటికి వచ్చునప్పుడు రాత్రులకు బైపాప్ యంత్రమును, దినములో చాల గంటలకు ఆక్సిజన్ కాన్సంట్రేటరును వెంటబెట్టుకొని వచ్చినవాడు. మఱది విద్యుచ్ఛాఖలో సబ్‌స్టేషనులు కాచి కాచి పింఛను పుచ్చుకొనుచున్న యింజినీరు. యంత్రము నోరు మూయించుటకై బావ మఱదిని పిలిపించెను. మఱది స్క్రూడ్రైవరు తేకుండ వచ్చెను. వాదము గుమ్మములోనే మొదలయ్యెను.]

బావ: ఏమోయ్, వట్టి చేతులతో వచ్చితివే! ఈ పెట్టె కూతను తీసివేయవలెనని ఫోనులో అంత స్పష్టముగ చెప్పితిని గదా. జీవితమంతయు కరెంటుతో కాపురము చేసినవాడవు, ఏ తీగ కత్తిరించవలెనో నీకు తెలియకపోదు.

మఱది: తెలియుటచేతనే వట్టి చేతులతో వచ్చితిని బావగారూ. సబ్‌స్టేషనులో మాకొక బోర్డుండును. ట్రాన్సుఫార్మరు వేడెక్కినను, ఫీడరు ట్రిప్పయినను, బ్యాటరీ వోల్టేజి పడిపోయినను ఆ బోర్డుమీద ఒక గడి వెలుగును, బజరు మ్రోగును. డ్యూటీలో నున్నవానికి బజరును ఆపు అధికారము గలదు. గడిలోని దీపమును ఆర్పు అధికారము లేదు, అది దోషము తీరిన పిదప గాని ఆరదు. మీ యంత్రమునకును అదే న్యాయము. గంటబొమ్మ గల యీ మీట నొక్కినచో చాల యంత్రములు సుమారు రెండు నిమిషములు ఊరకుండి, కారణము అట్లే యున్న పక్షమున మరల కూయును. దానిని మీరు మొండితనమనుచున్నారు. చేసినవాడు బుద్ధిపూర్వకముగనే అట్లు చేసెను.

బావ: చేసినవానికి భార్య లేదు కాబోలు! మీ అక్క మొగము చూచితివా? పగలంతయు వంటయిల్లు, నా మందులు, నా సణుగుడు. రాత్రి కన్ను మూయునో లేదో ఈ పెట్టె కీచుమని లేపును. ఆమె లేచి వచ్చి చూచునప్పటికి నేను హాయిగా నిద్రపోవుచుందును, యంత్రము తన పని తాను చేయుచుండును, జరిగిన యపాయమేమియు కనబడదు. మీట నొక్కి పోయి పండుకొనును, మరల కూత. ఒక్క రోగి యున్న యింట ఇద్దరు రోగులగుచున్నారు. ఒకరి నిద్రను చంపి మఱియొకరి ప్రాణమును నిలుపు వైద్యము ఏ శాస్త్రములో నున్నది?

మఱది: మీరు హాయిగా నిద్రపోవుచున్నారని అక్కయ్యకెట్లు తెలిసినది?

బావ: కన్నులు మూసికొని యున్నాను గదా.

మఱది: చిక్కంతయు అచ్చటనే యున్నది. బొగ్గుపులుసు వాయువు నెత్తుటిలో పేరుకొన్నవాడును కన్నులు మూసికొనియే యుండును; చూపరులకది గాఢనిద్రవలెనే తోచును. తెల్లవారి లేచునప్పటికి తలనొప్పి, మాటలో తడబాటు, పగలంతయు వదలని మగత, చేతులు చాచి నిలిపినపుడు అరచేతులు రెక్కలవలె కొట్టుకొనుట, ఇవి దాని గుర్తులు. ఆ స్థితిలో నున్నవానికి తన స్థితి తెలియదు. తెలిసికొనవలసిన మెదడే మందగించి యుండును. కనుక ఆ కూత మీ కొఱకు పుట్టినది కాదు, మేలుకొనగల మఱియొక మనిషి కొఱకు పుట్టినది. వినవలసిన చెవి అక్కయ్యది. గొంతు నొక్కుమను ఆజ్ఞ మాత్రము మీది.

బావ: మంచిది, చెవి గలవారి సంగతియే చెప్పెదను. అమెరికాలో ఆసుపత్రుల యోగ్యతను పరీక్షించు జాయింట్ కమిషన్ అను సంస్థ 2013 ఏప్రిలులో ఒక హెచ్చరికను ప్రకటించినది. ఆసుపత్రి యంత్రముల కూతలలో నూటికి 85 మొదలు 99 వఱకు ఏ చికిత్సయు అవసరము లేనివేయట! 2009 జనవరి మొదలు 2012 జూను వఱకు ఆ సంస్థకు తెలియవచ్చిన అలారము దుర్ఘటనలు 98. వానిలో మరణముతో ముగిసినవి 80. శిక్షణ పొందినవారు, వంతుల ప్రకారము ఇంటికి పోయి నిద్రించువారు, జీతము పుచ్చుకొనువారు అగు నర్సులే విని విని చెవులు మొద్దుబాఱిపోగా, వంతు మార్చుకొనువారు లేని మీ అక్క గతి యేమి? ఊరక కూయు యంత్రము ఊరకుండు యంత్రముకంటె అపాయకరమని ఆ లెక్కలే చెప్పుచున్నవి.

మఱది: ఆ పత్రమును తుదివఱకు చదివితిరా? అందు చెప్పిన మరణములు కూత వినుటచేత కలిగినవి కావు. కూతను కట్టివేయుట, గొంతు తగ్గించుట, వినబడని చోట అది మ్రోగుట, రోగికి తగని హద్దులు పెట్టుట, ఇవి అందు కనబడిన కారణములు. వారు చెప్పిన విరుగుడును తీగ కత్తిరించుట కాదు. ఒక్కొక్క రోగికి తగిన హద్దులను ఏర్పఱచి, పనికిమాలిన కూతలను తగ్గించి, మిగిలినవానిని నమ్మదగినవిగా చేయుట. మీరు తెచ్చిన సాక్ష్యము నా పక్షముననే పలుకుచున్నది. సరే, ఊరివారి పెట్టెలనుండి మన పెట్టెకు వత్తము. రాత్రి కూసినప్పుడు తెరమీద ఏమి వ్రాసి యున్నది?

బావ: ఎవరు చదివిరి? కూసినది, నొక్కితిమి.

మఱది: ‘ప్రశ్న చదివి జవాబు వ్రాయుడురా’ యని వేలమంది పిల్లలకు చెప్పిన నోరేనా యిది! యంత్రము తన కూతలను తానే వ్రాసి పెట్టుకొనును. ఇదిగో, వరుసగా చూడుడు: ‘లీక్ హై’, ‘లీక్ హై’, మరల ‘లీక్ హై’, తెల్లవారుజామున మాత్రము ఒక్కసారి ‘లో మినిట్ వెంటిలేషన్’. మొదటిదాని సంగతి ముందు తేల్చుదము. మాస్కు పెట్టుకొనుడు.

[బావ మాస్కు పెట్టుకొనును. మఱది కండ్లజోడు సవరించుకొని వంగి చూచును.]

మఱది: ముక్కు దూలముమీద ఈ యెఱ్ఱని గాటేమి?

బావ: గాలి కారుచున్నదని పట్టీలు బిగించితిమి. మరల కారినది, మరల బిగించితిమి.

మఱది: బిగించినకొలది కారును. ఈ మెత్తని అంచు ఒక పలుచని పొర; లోపలి గాలికి అది ఉబ్బి చర్మమునకు హత్తుకొనవలెను. పట్టీ లాగి అదిమినచో పొర మడతపడును, ఆ మడత సందునుండి గాలి కంటిలోనికి కొట్టును. ఆసుపత్రిలో దీనికి కొలత చూచిననాడు మీ పండ్లసెట్టు నోటిలో నున్నదా?

బావ: ఉన్నది. పగటివేళ గదా చూచిరి.

మఱది: రాత్రి దానిని తీసి గిన్నెలో వేయుదురు. బుగ్గలు లోనికి పోవును, మాస్కు క్రింది మూలలు రెండును మొగమును అంటక తేలును. దానికి తోడు తలకు రాచిన కొబ్బరినూనె చెంపలమీదికి దిగి అంచును జాఱవిడుచుచున్నది. ఇప్పుడు సెట్టు తీసి, మొగము సబ్బుతో కడిగికొని, రాత్రి పండుకొను రీతిగనే పండుకొనుడు. యంత్రము నడుచుచుండగనే పట్టీలు వదులుచేసి, మాస్కును మొగమునుండి కొంచెము ఎత్తి, అంచు గాలికి ఉబ్బిన పిమ్మట మెల్లగా దింపి, రెండు ప్రక్కల సమముగా, పట్టీ క్రింద వ్రేలు దూరునంత సందుంచి వేయుచున్నాను. వినుడు, ఆ బుసబుస ఆగినది. మెత్తని అంచును ప్రతిదినము కడుగవలెను. గట్టిపడినను చిరిగినను మార్చవలెను.

బావ: ఆగినమాట నిజమే. అయినను కొంచెము గాలి కారినంత మాత్రమున ఇల్లంతయు లేపవలెనా? కారినది గాలియే గదా, నెత్తురు కాదు!

మఱది: ఎంత కారినది యన్నదానినిబట్టి యుండును. ఈ యంత్రము రెండు ఒత్తిడుల నడుమ ఊగును: మీ చీటీ ప్రకారము పీల్చునప్పుడు 16 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి, విడుచునప్పుడు 5. ఆ రెంటి అంతరమే మీ అలసిన కండరములకు చేయూత నిచ్చి బొగ్గుపులుసు వాయువును బయటికి పంపునది. మీరు పీల్చుటకు మొదలిడితిరని యంత్రమునకు తెలియుట గొట్టములోని ప్రవాహపు మార్పువలన. లీకు మితిమీరినపుడు ఆ సన్నని మార్పు కారుడులో మునిగిపోవును; మీరు పీల్చునప్పుడు తోడు రాదు, విడుచునప్పుడు ఎదురు నిలుచును. మాస్కు రాత్రంతయు మొగముమీద నుండియు చికిత్స జరుగదు. బుద్ధిపూర్వకముగ పెట్టిన లీకొకటి మాత్రము వేఱుగ కలదు. మాస్కు ముందుభాగమున ఈ సన్నని రంధ్రములను చూచితిరా?

బావ: వానినుండి వచ్చు చల్లగాలి మీ అక్కకు తగులుచున్నది. ప్లాస్టరు అంటింప నుంటిమి.

మఱది: ఆ పని మాత్రము చేయకుడు! మీరు విడిచిన గాలి పోవుటకు అదియే త్రోవ. మూసినచో విడిచినదానినే మరల పీల్చుదురు. యంత్రము ఆ కారుడును లెక్కలో కలుపుకొనియే యుండును. కావలెనన్న మంచములను దూరము చేయుడు.

బావ: ఇన్ని నియమములెందులకు? కూసిన రాత్రి మాస్కు తీసివేసి పండుకొన్నచో అందఱికిని నిద్ర పట్టును.

మఱది: ఆ నిద్రకు వెల యున్నది. ఆసుపత్రి పాలై వచ్చిన తరువాతను నెత్తుటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగనే నిలిచిన మీవంటి రోగులను పరీక్షించి, 2017లో బ్రిటిషు వైద్యులొక ఫలితము ప్రకటించిరి. ఇంటివద్ద ఆక్సిజన్ మాత్రమే వాడినవారిలో, మరల ఆసుపత్రికి పోవుటయో మరణించుటయో జరుగుటకు పట్టిన మధ్యస్థకాలము 1.4 నెలలు, దానికి రాత్రిపూట ఈ మాస్కు యంత్రమును చేర్చినవారిలో 4.3 నెలలు. తీసివేసి పండుకొను రాత్రులు ఈ లెక్కనుండి తఱిగిపోవును. వాంతి వచ్చునట్లున్నను, యంత్రము ఆగిపోయినను మాస్కును వెంటనే తీయవలసినదే. కూత విసుగు దానికి కారణము కారాదు.

బావ: లెక్కకు లెక్క చెప్పితివి, ఇప్పుడు చరిత్ర వినుము. 1928లో బోస్టనులో డ్రింకరు, షా యనువారు ఉక్కు ఊపిరితిత్తిని మొదటిసారి ఒక పోలియో బాలికకు వాడిరి, అది గొప్పదే. కాని 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలి, బ్లెగ్డమ్ ఆసుపత్రిలో ఆ యంత్రములు చాలక పోయినపుడు ఏమి చేసిరి? ఇబ్సెను అను మత్తువైద్యుని సలహామేరకు రోగుల గొంతులో రంధ్రము చేసి గొట్టము పెట్టి, వైద్యవిద్యార్థులు ప్రక్కన కూర్చుండి రబ్బరు సంచిని చేతితో నొక్కుచు వారాల తరబడి శ్వాసను నడిపిరి. ఏ కూత వారిని కాపాడినది? మనిషి మనిషి మొగమును చూచుచు కూర్చుండుట కాపాడినది. మనమో, చూచుట మాని వినుట కలవాటుపడితిమి. పెట్టె కూయకున్న క్షేమమే యనుకొనుచున్నాము. నా ద్వేషము కూతపై కాదోయ్, ఆ సోమరితనముపై.

మఱది: ఇంతసేపటికి మీరొక గట్టిమాట యనిరి. కూయకున్నంత మాత్రమున క్షేమమని నమ్మరాదన్నదానిని శిరసావహించుచున్నాను. కాని ఆ విద్యార్థులెంతమందియో స్మరింపుడు: వంతులవారీగ సుమారు 1500 మంది. మనకున్నది ఒక్క అక్కయ్య. రాత్రంతయు ఆమె మీ మొగమును చూచుచు కూర్చుండలేదు; చూడవలసిన క్షణమేదియో తెలుపుటకే ఈ కూత. చూచుట ఆమె పనియే. అందుచేతనే కూత వినబడగానే ఆమె ముందుగా చూడవలసినది తెరను కాదు, మిమ్ములను.

బావ: చూచి యేమి చేయవలెను? క్రమముగా చెప్పుము.

మఱది: మొదట పేరు పెట్టి పిలిచి, భుజము తట్టవలెను. కన్ను తెఱచి సరిగా బదులు పలికితిరా, ఱొమ్ము సమముగా లేచి దిగుచున్నదా, పెదవులు నీలివర్ణమునకు తిరుగలేదా చూడవలెను. పిలిచినను లేవకున్నను, పొంతన లేని మాటలాడుచున్నను, పెదవులు నల్లబడినను యంత్రముతో ఆమెకు పని లేదు. 108కి ఫోను చేయవలెను, యంత్రము బాగుచేయువానికి కాదు. మనిషి బాగున్నాడని తేలిన పిదప మాస్కు, తరువాత గొట్టము: ఊడినదా, నడుము క్రింద నలిగినదా, చలిరాత్రి తేమ నీరై లోపల గులగుల మనుచున్నదా? ఆ తరువాత యంత్రము వెనుక గాలి పీల్చుచోట తువ్వాలు గాని దిండు గాని అడ్డుపడినదా? చివరకు ప్లగ్గు. మనిషినుండి గోడవఱకు, ఈ వరుసలోనే. తెల్లవారుజామున కూసిన ఆ ‘లో మినిట్ వెంటిలేషన్’ అనగా నిమిషమునకు మీ ఊపిరితిత్తులలోనికి పోయి వచ్చు గాలి, డాక్టరు పెట్టిన హద్దుకంటె తక్కువైనదని అర్థము. లీకుచేత నట్లు కూసియుండవచ్చును. మీ శ్వాసయే నిజముగ తగ్గియు నుండవచ్చును. రెండింటికిని కూత ఒక్కటే. భేదము తెలియునది మీ మొగము చూచినప్పుడే.

బావ: వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు కూడ నున్నది. దానిలో అంకె తగ్గినప్పుడు కాన్సంట్రేటరులోని గుండును 2 నుండి 5కు పెంచుదుము. అది సరియే గదా?

మఱది: కాదు! మీవంటి రోగికి సాధారణముగ డాక్టర్లు కోరునది 88 నుండి 92 వఱకు. అది 98 కావలెనని ఆశపడి ప్రాణవాయువును మితిమీరి ఇచ్చినచో బొగ్గుపులుసు వాయువు పెరిగి మగత ముదురును. అంకె అందముగ నుండును, మనిషి మునిగిపోవును. రెండు లీటర్లని చీటీలో వ్రాసిన అంకె మందు మోతాదే. మాత్రలను మీరు మీయంతట పెంచుకొనుట లేదు గదా. ఆక్సీమీటరు అంకె తగ్గినప్పుడు వ్రేలు చల్లబడినదేమో, గోటిరంగున్నదేమో, ఆక్సిజన్ గొట్టము యంత్రమునకు చేరుచోట ఊడినదేమో చూచి, అంకె నిజముగనే తక్కువగ నిలిచినపుడు డాక్టరును అడుగవలెను. చీటీలో ఆయన వేఱుగ వ్రాసియున్నచో అది వేఱు మాట.

బావ: ఆ కాన్సంట్రేటరును కూయుచునే యున్నది, పైగా దాని గుడగుడ. అందుకనియే మూలకు నెట్టి, తెఱ దింపి, పాత రగ్గు కప్పితిమి.

మఱది: రగ్గా! బావగారూ, అది గాలిని పీల్చి బ్రదుకు పెట్టె. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు. లోపలి జియోలైటు గింజలు ఒత్తిడిలో నత్రజనిని పట్టుకొనును, ఒత్తిడి తగ్గగనే విడిచివేయును. ఒక స్తంభము పట్టుకొనునప్పుడు రెండవది విడుచును, మీరు వినుచున్న గుడగుడ ఆ మార్పిడిదే. వెలుపలికి వచ్చునది సుమారు 93 శాతపు ప్రాణవాయువు. అది మోడలునుబట్టి 82 శాతమునకో 85 శాతమునకో దిగువకు పోయినపుడు దీపము రంగు మారి కూయును. రగ్గు కప్పి మూలకు నెట్టినచో యంత్రము వేడెక్కును. ఫిల్టరు దుమ్ముతో నిండినచో చాలినంత గాలి పీల్చలేదు. 2021 వేసవిలో కరోనా నాడు ఎన్ని తెలుగిండ్లకో ఈ పెట్టెలు హడావుడిగ చేరినవి గాని, వాడుక నేర్పినవారు తక్కువ. గోడకు కనీసము జానెడు పైన ఎడముంచి, ఫిల్టరును వారమున కొకసారి కడిగి, బాగుగ ఆరిన పిమ్మట పెట్టుడు. చప్పుడు తగ్గవలెనన్న పొడుగు గొట్టము వేసి పెట్టెను వరండాగదిలో పెట్టవచ్చును, డాక్టరును గాని అమ్మినవానిని గాని అడిగి. ఇంకొకటి: ఆ తెఱ కవతల దేవుని దీపము వెలుగుచున్నది.

బావ: అది మీ అక్క నిత్యదీపము. దాని జోలికి పోకుము.

మఱది: దీపము జోలికి పోను, ఆక్సిజన్ జోలి దీపమునకు కలుగకుండ చూతును. ప్రాణవాయువు తాను మండదు గాని మండునదానిని విజృంభింపజేయును. గుడ్డలు, జుట్టు దానిని పీల్చుకొని యుండును. దీపము, అగరువత్తి, పొయ్యి, ఎవరైన వచ్చి కాల్చు చుట్ట, ఇవి మీకును గొట్టమునకును పది అడుగుల దూరమున నుండవలెను. ముక్కు చుట్టును నూనె గాని వాసెలైను గాని పూయరాదు. దీపమును పూజగదిలోనికి మార్చుమని నేనే అక్కయ్యతో చెప్పెదను.

బావ: సరే. ఇక నీ శాఖవారి ఘనకార్యము సంగతి? కరెంటు పోయిన క్షణమున రెండు పెట్టెలును కలిసి ఏడ్చును. దానికి నేనేమి చేయవలెను, విద్యుచ్ఛక్తిని సృష్టింపవలెనా?

మఱది: ఆ కూత ఒక్కటి మాత్రము అబద్ధమాడదు. యంత్రము ఆగినచో మొదట మాస్కు తీయవలెను. గాలి తఱుమువాడు లేనప్పుడు మాస్కులో విడిచినదే నిలిచిపోవును. బైపాప్ గొట్టములోనికి ఆక్సిజన్ కలిపియున్నచో దానిని కట్టివేయవలెను. తిరిగి మొదలిడునప్పుడు యంత్రము ముందు, ఆక్సిజన్ తరువాత. ఆపునప్పుడు ఆక్సిజన్ ముందు, యంత్రము తరువాత. ఆగిన యంత్రములో ప్రాణవాయువు నిండినచో అగ్నిభయము. ఇక లెక్క: అయిదు లీటర్ల కాన్సంట్రేటరు సుమారు 350 వాట్లు త్రాగును, ఇంటి ఇన్వర్టరుకున్న 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ మంచి స్థితిలో నున్నను దీనిని మూడు నాలుగు గంటలకు మించి లాగలేదు. బైపాప్, హ్యుమిడిఫయరు వేడి ఆపినచో, అంతకంటె చాల తక్కువతో నడుచును. కావున ఒక బీ టైపు సిలిండరు నింటనుంచవలెను. పది లీటర్ల కొలత గలదానిని 150 రెట్ల ఒత్తిడితో నింపినచో 1500 లీటర్లు. నిమిషమునకు రెండు చొప్పున 750 నిమిషములు, అనగా పండ్రెండున్నర గంటలు. ముల్లు ఎఱ్ఱగీటు చేరకముందే రెండవది తెప్పించవలెను. సరఫరా సంగతికి 1912కు ఫోను చేసి, ఇంటిలో శ్వాసయంత్రము నడుచుచున్నదని చెప్పుడు. అన్నిటికంటె ముందు, ఒక పగటివేళ మీరే ప్లగ్గు పీకి రెండు పెట్టెలును నిజముగ కూయునో లేదో పరీక్షింపుడు. లోపల బ్యాటరీ లేని యంత్రములు కొన్ని కరెంటు పోయినపుడు చప్పుడు చేయక చల్లగా చచ్చిపోవును.

బావ: ఇంతవఱకు నీవు గెలిచితివనుకొనుచున్నావు. మొదటి ప్రశ్నకే జవాబు రాలేదు. మాస్కు సరిచేసితిమి, రగ్గు తీసితిమి, దీపము మార్చితిమి. అయినను నేను ప్రక్కకు తిరిగినప్పుడెల్ల రెండు క్షణముల లీకు పుట్టి తానే తగ్గును. ఆ రెండు క్షణములకును మీ అక్క లేవవలసినదేనా? లేచి ఆమె చేయునదేమి? నేను తిరిగి పండుకొనుట చూచుటయా?

మఱది: [కొంత తడవూరకుండి] అచ్చట మీదే న్యాయము. తానే తీరిపోవు దోషమునకు మనిషిని లేపుట మా సబ్‌స్టేషనులోను తప్పే. అందులకే రిలేలకు కాలవ్యవధి పెట్టుదుము. 2003లో వైద్యయంత్రముల కూతలకొక అంతర్జాతీయ ప్రమాణము వచ్చినది. ప్రాణాపాయమునకు ఎఱ్ఱదీపము వేగముగ మిణుకుచు అయిదేసిగా పది కూతలు. త్వరలో చూడవలసినదానికి పసుపుదీపముతో మూడు. ఎఱుక కొఱకైనచో ఒకటి రెండు మాత్రమే. ఆ తారతమ్యమును అక్కయ్య చెవికి నేర్పవలెను. లీకు ఎంతసేపు నిలిచిన పిదప కూయవలెను, నిమిషపు గాలి ఎంతకు తగ్గినచో కూయవలెను అన్న హద్దులు డాక్టరు మార్చదగినవి. యంత్రములోని కార్డు తీసికొనిపోయి, రాత్రులెట్లు గడచినవో ఆయనకు చూపి, హద్దులు మీ శ్వాసకు తగినట్లు దిద్దించుకొనవలెను. అది మీరు గాని నేను గాని ఇంట చేయు పని కాదు. రెండవది, అక్కయ్య ఒక్కతెయే రాత్రులన్నియు కాచుట అన్యాయము. అబ్బాయి వారములో కొన్ని రాత్రులు ఈ గదిలో పండుకొనవలెను, ఆ మాటయు నేనే చెప్పెదను.

బావ: అయితే నా షరతు వినుము. మీ అక్క లేచిన ప్రతి కూతకును ఆమె చేయదగిన పని యొకటి యుండవలెను. పని యున్న కూతను నేనిక ఆపను. పని లేని కూతను వ్రాసిపెట్టుకొని డాక్టరుకు చూపెదను. ఆయన దానిని దిద్దవలెను. ఈ రెంటిలో ఏదియు కాక, మీట నొక్కి పండుకొనుట ఈ యింట నేటినుండి లేదు. యంత్రమునకు బుద్ధి కలదని మాత్రము నాచేత ఒప్పింపలేవు.

మఱది: బుద్ధి కలదని నేనెన్నడు నంటిని? దానికి తెలిసినవి ఒత్తిడి, ప్రవాహము, వ్యవధి, ఈ మూడే. మీకు తలనొప్పియా, మగతయా, పీడకలయా అన్నది దానికి తెలియదు. తనకు తెలిసినంతలో అది దాచుకొనక చెప్పును. తక్కినది మనము అడిగి తెలిసికొనవలెను. ఈ వారములో పొద్దున లేచినప్పుడు తల నొచ్చుచున్నదా?

బావ: రెండు మూడు దినములుగా నొచ్చుచున్నది. కాఫీ ఆలస్యమగుటచే ననుకొంటిని.

మఱది: అయితే కార్డును రేపటికి వాయిదా వేయరాదు. చొక్కా తొడుగుకొనుడు, డాక్టరు పదకొండుకే లేచిపోవును.